రాయి మీద వదిలిన చోటు

జీవానందం గారు ముప్పై ఏళ్లు అమీర్‌పేట, మధురానగర్ వీధులకు మంచినీళ్లు వదిలే లైన్‌మాన్. వాల్వు తిప్పే పొడవాటి ఇనుపరాడ్డు భుజాన వేసుకుని తెల్లారేసరికి వచ్చేవారు. ఇంకో పావుగంట ఉంచమని ప్రతి వీధివాళ్లూ బతిమాలేవారు. ఎదురింటివాళ్లు మోటారు పెట్టి లాగుతున్నారని చెప్పేవాళ్ల ఇంట్లోనూ మోటారు ఉండేది. ఆయన సొంత వీధికి సైతం ఒక్క నిమిషం ఎక్కువ ఇవ్వలేదు. "బిందె సగమే నిండేది భాయ్. లీల తిట్లు మాత్రం నిండుగుండేవి" అని చెప్పి నవ్వుకునేవారు.

ఆయన భార్య లీలాకుమారి గారు పోయి ఎనిమిదేళ్లయింది. పంజగుట్ట వెనకున్న మా చర్చి సంఘం సమాధుల తోటలో ఆమెను పెట్టారు. ఆ తోట చిన్నది. అందుకని ఇంటికొక్క సమాధే. ఏడేళ్లు నిండితే, అవసరం పడ్డప్పుడు, దాన్నే తెరిచి ఆ ఇంటివాళ్లలో ఇంకొకరిని పెడతారు. ఆ తర్వాత మళ్లీ ఏడేళ్లు ముట్టుకోరు. ఈ పద్ధతి పెట్టిన సంఘ పెద్ద జీవానందం గారే. పదేళ్ల కిందట పోయిన కూతురి సమాధి చుట్టూ మా సంఘంలోని మంగవ్వ ఇటుకల గోడ కట్టుకుంటే, మన్ను మనది కాదమ్మా అని నచ్చజెప్పి తీయించినదీ ఆయనే. ఆ చిన్న సమాధి లీలాకుమారి గారి సమాధిని ఆనుకునే ఉంటుంది.

లీలాకుమారి గారి రాయి మీద ఆమె పేరు కింద జానెడు నున్నటి చోటు వదిలి ఉంటుంది. అది ఎవరికోసమో చెప్పనక్కర లేదు.

పోయిన ఆగస్టులో ఆయన తమ్ముడు మోసెస్ గుండె ఆగి పోయాడు. మోసెస్ భార్య యూనిస్, కుటుంబ సమాధి తెరిపించమని బావను అడిగింది. జీవానందం గారికి డెబ్బై నాలుగేళ్లు, రెండు స్టెంట్లు వేసి ఉన్నాయి. తమ్ముణ్ణి అక్కడ పెడితే, ఏడేళ్లలోపు తను పోతే లీల దగ్గర చోటుండదు. పెట్టవద్దని ఆయన అనలేదు. పాస్టరు గారితో, ఆ వరస కింద పాత పైపు కారుతోందని, తవ్వితే నీళ్లూరుతాయని చెప్పారు. నేల కింది నీళ్ల సంగతి ఆయనకంటే తెలిసినవాళ్లు సంఘంలో ఎవరున్నారు? అందరూ నమ్మారు. మోసెస్‌ను ఔటర్ రింగు రోడ్డు అవతల, నీడకు ఒక్క చెట్టయినా లేని కొత్త స్థలంలో పెట్టారు. అక్కడికి రెండు బస్సులు మారి వెళ్లాలి.

మూడు నెలలకు మంగవ్వ భర్త పోయాడు. ఆ వరసలో నీళ్లున్నాయి కదా అని పాస్టరు గారు అతన్నీ ఊరి బయటికే తీసుకెళ్లమన్నారు. మంగవ్వ ఏడవలేదు. ఉదయం పూట తోట గేటు దగ్గర, పదిమంది ముందు, జీవానందం గారికి ఎదురుగా వచ్చి నిలబడింది. యూనిస్ కూడా అక్కడే ఉంది.

"ఇటుకలు కట్టుకుంటె తీపిచ్చినవు. మన్ను మనది కాదన్నవు. సరే అని నీ మాట ఇన్న. ఇప్పుడు బిడ్డ దగ్గర తండ్రిని సుత పండనియ్యవా?"

 నీళ్లున్నాయని ఆయన మళ్లీ ఒక్కసారి అంటే చాలు. చావు దాకా ఎవరికీ తెలియదు. 

"తవ్వుండ్రి," అన్నారు జీవానందం గారు. "నీళ్లు లేవు. ఎన్నడూ లేవు."

గడ్డపార దిగితే మన్ను పిండిలా పొడిగా వచ్చింది. యూనిస్ ఆ మన్ను వైపు చూసి, కొంగు తల మీదికి లాక్కుని వెళ్లిపోయింది.

వారం తర్వాత జీవానందం గారు ఆమె ఇంటికి వెళ్లారు. లోపలికి రమ్మని ఆమె అనలేదు. గడప దగ్గరే నిలబడి, లీల దగ్గరి చోటు నీకు రాసిస్తానమ్మా, నన్నెక్కడ పెట్టినా ఫికర్ లేదు అన్నారట.

"అక్క దగ్గర నాకేంటికి బావా?" అంది యూనిస్. "నేను ఆయన దగ్గరికే పోత. అక్క పక్కన ఉండాల్నని నీకు ఎంతుందో, ఆయన పక్కన ఉండాల్నని నాకు సుత గంతే ఉంది."

ఆ మాట నాకు చెప్పేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు. "దానం చేద్దామని పోయిన భాయ్," అన్నారు. "గది సుత నా మనసు చల్లబడాలనే."

సంఘ పెద్దరికం ఆయన వదిలేశారు. రాయి మీది చోటు అట్లాగే ఉంది. నెలకోసారి, ఆరాధన అయ్యాక, యూనిస్ పంజగుట్టలో బస్సెక్కుతుంది. అయిదు లీటర్ల నీళ్ల డబ్బా పట్టుకుని ఆయనా ఎక్కి, రెండు సీట్లు వెనక కూర్చుంటారు.  మోసెస్ తల దగ్గర ఆమె ఒక నందివర్ధనం మొక్క నాటింది. ఆయన డబ్బా అక్కడిదాకా మోసి, ఆమె చేతికిచ్చి, గేటు దగ్గరికి వచ్చేస్తారు.

ఒకసారి నేనూ వెంట వెళ్లాను. మీరే పోయవచ్చు కదా అని అడిగాను.

"అది ఆమె వంతు," అన్నారు.