కీ ప్రకారం దిద్దాను

పద్మారావు నగర్‌లో ఏడో తరగతికి చలనం పాఠం చెప్పాను. ఎవరు చూస్తున్నారో చెప్పకుండా కదలిక గురించి మాట్లాడొద్దని గొంతు పోయేలా అరిచాను. యూనిట్ టెస్టులో, నడిచే బస్సులో కూర్చున్న మనిషి కదులుతున్నాడా అని అడిగారు. బోయిన్‌పల్లి నుంచి వచ్చే ఒక అమ్మాయి ఇలా రాసింది: "రోడ్డు మీద ఉన్నవాళ్లకు కదులుతాడు. పక్క సీట్లో ఉన్న అమ్మకు కదలడు." స్కూలు ఆఫీసు ఇచ్చిన జవాబుల కీలో "కదులుతున్నాడు" అన్న ఒక్క మాటే ఉంది. సున్నా వేశాను.

"టీచర్, మీరే గిట్ల చెప్పిన్రు కదా?"

"కీలో లేదమ్మా," అన్నాను.

వార్షిక పరీక్షలో అదే ప్రశ్న మళ్లీ వచ్చింది. ఈసారి ఆ అమ్మాయి "కదులుతున్నాడు" అని రాసి ఊరుకుంది. ఫుల్ మార్కులు వేశాను. ఆ ఏడాది ఆ పిల్లకు నేను నిజంగా నేర్పింది అదొక్కటే.