ఏట్లో పాతిన గుంజలు

కృష్ణపట్నానికి దక్షిణాన, ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట మా పల్లె. పని లేకుండా సముద్రం మీద తిరిగే మనుషుల్ని నేను అక్కడే మొదటిసారి చూశాను. అరవైల మొదట్లో అనుకుంటాను. మద్రాసు నుంచి తెల్ల తెరచాపల పడవల్లో దొరలూ, దొరల్లాంటి మనవాళ్లూ సరదాకు వచ్చేవాళ్లు. వల ఉండదు, గాలం ఉండదు. టోపీలు మొహాన వేసుకుని పడవలోనే పడుకునేవాళ్లు. ఒళ్లు బలిసినవాళ్లకు సముద్రం కూడా ఉయ్యాలే అనేది అమ్మ.

వాళ్లకు పడవలు నిలుపుకునే వసతి లేదని ఎవరు మొరపెట్టుకున్నారో గానీ, ఒకనాడు సర్కారు మనుషులు వచ్చి ఏట్లో తాటి గుంజలు దిగ్గొట్టి, వాటికి ఇనుప కడియాలు బిగించి పోయారు. మాకు గుంజలతో పని లేదు. మా తెప్పలు ఒడ్డుకు చేరగానే ఇసుక మీదికి లాగి పడేస్తాం. పైగా వాటిని పాతింది సరిగ్గా మేం వల లాగే చోట. ఆ చోటుకు ఇంటింటికీ వంతు ఉంది. పాతీపాతగానే రెండిళ్ల వలలు ఆ గుంజలకు తగులుకుని చిరిగాయి. చెప్పుకోబోతే, "మీ వలలు ఇంకో పక్కన వేసుకోండి" అన్నాడు ఆ సర్కారు మనుషుల్లో కొలతలు తీసిన ఆయన. ఏరు వాళ్ల తాత తవ్వించినట్టు.

కోపం రావాల్సిందే. నాకిప్పటికీ ఉంది. కానీ మా కులపెద్ద ఆ కోపాన్ని ఎటు తిప్పాడో చూడండి. గుంజలు పీకించే ధైర్యం లేదు, పోలీసులు వస్తారు. అందుకని ఊరందరినీ గంగమ్మ రాయి ముందుకు పిలిచి, దోసిట్లో సముద్రపు నీళ్లు పట్టించి కట్టుబాటు చేశాడు. ఆ గుంజలకు మన పల్లెవాడెవడూ తాడు కట్టకూడదు. కట్టుకున్న పరాయివాళ్లకు మంచినీళ్లు పోయకూడదు. తప్పినవాడికి ఏట్లో వంతు పోతుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే.

ఒకసారి ఒక దొరసాని ఖాళీ కూజా చూపించి నీళ్లడిగింది. అమ్మ ఆమె కళ్ల ముందే కడవ నీళ్లు ఇసుకలో పారబోసి వచ్చింది. అప్పట్లో అమ్మకు కట్టుబాటు మీద అంత నమ్మకం.

నిజానికి ఆ కట్టుబాటుతో నష్టపోగలిగినవాడు పల్లెలో ఒక్క మా నాన్నే. ఒడ్డుకు లాగలేనంత బరువైన పడవ మాదొక్కటే. నాన్న దాన్నిండా ఎండుచేపలు వేసుకుని తీరం వెంట ఊళ్లకు పోయి, వడ్లు తెచ్చేవాడు. పుస్తెలు తప్ప అమ్మ ఒంటి మీదివన్నీ ఆ పడవలోకే పోయాయి. మామూలు రోజుల్లో లంగరు వేస్తే నిలిచేది కాబట్టి, నాన్న కూడా అందరితోపాటు దోసిలి పట్టాడు.

ఆ కార్తీకంలో వాన పట్టుకుంది. పైనుంచి ఎర్రనీళ్లు దిగి, ఏరు సముద్రంలోకి తోసుకుపోతోంది. గాలి నెట్టుకొస్తే నాన్న పడవ ఎలాగో ఏట్లోకి దూరింది. అంతలో తెరచాప చిరిగిపోయింది. లంగరు బురదలో పట్టలేదు. పడవ వెనక్కి జారుతూ జారుతూ గుంజల పక్కకే వచ్చింది. నాన్న చేతిలో తాడు ఉంది. చేయి చాస్తే కడియం.

ఒడ్డున ఊరంతా ఉంది. ఆ ఉరవడికి ఎవరూ ఏట్లోకి పోలేకపోయారు. అమ్మ మాత్రం మోకాళ్ల లోతు దాకా దిగి అరిచింది. "కట్టెయ్యి. వంతు పోతే పోనీ, కట్టెయ్యయ్యా."

కులపెద్ద చేతులు కట్టుకుని నిలబడ్డాడు, అంతే. నాన్న ఆయన వైపు చూశాడు. తర్వాత తాడు పడవలో పడేసి నీళ్లలోకి దూకాడు. ఈదుకుంటూ ఒడ్డెక్కేసరికి, పడవ ఏటి నోట్లో ఇసుకమేటకు కొట్టుకుని ముక్కలైంది.

మరునాడు కులపెద్ద మా ఇంటికి వచ్చి నాన్నకు కొత్త కండువా కప్పాడు. "మాట మీద నిలబడినావురా అబ్బయ్యా. నీ అట్టాంటోడు పల్లెకి ఒకడుంటే చాలు" అన్నాడు. నాన్న కళ్లు తుడుచుకున్నాడు. అమ్మ ఆ కండువాతో పొయ్యి మీది కుండ దించింది. అది మసిగుడ్డగానే చిరిగిపోయింది.

నాన్న వాళ్ల తెప్ప మీదా వీళ్ల తెప్ప మీదా కూలికి పోతుండగా, కులపెద్ద కొడుక్కి సర్కారు మోటారు పడవ ఇచ్చింది. అదీ ఇసుక మీదికి లాగేది కాదు. వారం తిరక్కుండా గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి కట్టుబాటు తీసేశారు. కాలం మారింది, మనమూ మారాలి అన్నాడు పెద్దాయన. ఊరు తలూపింది. మా ఊరికి తల ఉన్నదే ఊపడానికి.

మోటారు పడవకు పూలదండలు వేసి తెచ్చి గుంజకు కట్టారు. జనం ఇంకా చూస్తుండగానే అమ్మ చీర ఎగదోపుకుని ఛాతీ లోతు నీళ్లలోకి పోయి, ముడి విప్పి తాడు ఏట్లో పడేసింది.

"ఏందమ్మే, మతి పోయిందా నీకు?" అన్నాడు కులపెద్ద.

"మా ఇంటికి కట్టుబాటు ఇంకా తీయలేదు మామా" అంది అమ్మ. "మా పడవ తెచ్చి ఈడ నిలబెట్టు. అప్పుడు తీసినట్టు."

మోటారు పడవ మెల్లగా జారడం మొదలుపెట్టింది. ఎవరూ కదల్లేదు. ఊరు మొదటిసారి అమ్మ పక్కన నిలబడిందని నమ్మాను. అంతలో ఎవరో నీళ్లలోకి దిగిన చప్పుడైంది. చూస్తే నాన్న. తాడు అందుకుని, పడవను వెనక్కి లాక్కొచ్చి, కడియంలోకి దూర్చి కట్టసాగాడు.

అమ్మ ఆయన చేతుల వైపే చూసింది.

"ఆ పొద్దు ఈ ముడి ఏసింటే మన పడవ ఉండేది గదయ్యా" అంది.

నాన్న ముడి ఒకసారి లాగి చూసి, ఇంకో చుట్టు వేశాడు.