పెట్టుడు గడ్డం

మా జనక్‌పురి తెలుగు సంఘంలో నెలకో పాత సినిమా వేసి, అయిపోగానే మైకు చేతికిచ్చి అందరి చేతా అభిప్రాయం చెప్పించడం అలవాటు. పోయిన చలికాలంలో ఒక పాత గూఢచారి కామెడీ వేశారు. అందులో నల్ల కళ్ళద్దాలు, పెట్టుడు గడ్డంతో కనిపించే విలన్ అనుచరుడు మా మామయ్యగారే. ఉద్యోగంలో చేరకముందు ఆయన వేసిన ఒకే ఒక్క వేషం అది.

"అభిప్రాయాలయ్యాక నన్ను స్టేజీ మీదికి పిలుస్తారట. అందాకా పాపకి చెప్పకమ్మా, ఆశ్చర్యపోవాలి" అని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఇస్త్రీ చొక్కాతో ముందు వరసలో కూర్చున్నారు.

మైకు తిరగడం మొదలైంది. "ఆ గడ్డంవాడు చావడానికి ఎంతసేపు గిలగిల్లాడాడండీ! తొందరగా పోతే బాగుండనిపించింది" అన్నారొక ఆంటీ. సినిమా అంతటా రాని నవ్వు హాల్లో అప్పుడొచ్చింది. తర్వాత మైకు మా పదేళ్ల పాపకి అందింది. నేను ఆపేలోపే "వో దాఢీవాలా సబ్‌సే బేకార్ థా" అనేసింది. అందరికంటే చెత్తగా చేసింది ఆ గడ్డంవాడేనట.

అంతలోనే కార్యదర్శిగారు మామయ్యగారిని పిలిచి, ఆ గడ్డంవాడు ఈయనే అన్నారు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఆయన శాలువా కప్పించుకుని, "మా పాప కరెక్టుగానే చెప్పిందండీ" అని దిగిపోయారు.

పాప ఏడ్చి సారీ చెబితే "ఠీక్ హై, నాన్నా" అన్నారు. ఇదివరకు అది పిస్తోలులా వేలు చూపించి "ఢాం" అంటే చాలు, సోఫా మీద గిలగిల్లాడుతూ పడిపోయి దాన్ని నవ్వించేవారు. ఇప్పుడది ఎన్నిసార్లు "ఢాం" అన్నా, కదలకుండా కూర్చునే ఉంటారు.