పనస పలకకు పట్టించిన నూనె

మొన్న మనవరాలు కూరలు తరిగే చెక్కపలక ఒకటి కొనుక్కొచ్చి, దానికి పూయమని అంగడివాళ్లిచ్చిన చిన్న నూనె సీసా మూత తీసిందో లేదో, నేను ఒక్క ఉదుటున లేచి వెళ్లి ఆ సీసా లాక్కున్నాను. పాపం, పిల్ల హడలిపోయింది. ముసలిదానికి చాదస్తం ముదిరిందనుకుని ఉంటుంది, అనుకోనీ.

యుద్ధం రోజులు మీలో కొందరికైనా గుర్తుండే ఉంటాయి. గరిటెడు నువ్వుల నూనె దొరకడమే గగనమైన ఆ కాలంలో, అరవనాట రాజపాళయంలో కొత్తకోడలిగా అడుగుపెట్టి మూడు నెలలైనా కాని నేను అత్తగారి మెప్పు కోసం తోచినదల్లా చేసేదాన్ని. మా ఆడబిడ్డ వళైకాప్పుకు, అంటే కడుపుతో ఉన్న పిల్లకు గాజులు తొడిగే వేడుకకు, గుమ్మడికాయలు తరగడానికి కత్తిపీట చాలదని చేయించిన పెద్ద పనస పలకకు నూనె పట్టించమని అత్తగారు చెబితే, ఉన్న కాస్త మంచి నూనె చెక్కకెందుకు తగలెయ్యాలని, తలుపులకు చెదలు పట్టకుండా పూయడానికి వడ్రంగి తెచ్చి పెట్టుకున్న జీడిపెంకుల నల్లనూనెను గుడ్డతో రుద్ది ఎండబెట్టాను. అతను దాన్ని ముట్టుకునే ముందు మోచేతుల దాకా కొబ్బరి నూనె రాసుకోవడం చూశాను కూడా. చూసి, సోకు కాబోలనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది! పలక నిగనిగలాడింది, అత్తగారు మెచ్చుకున్నారు, నేను పొంగిపోయాను.

మూడోనాడే వేడుక. సేత్తూరు నుంచి చుట్టాలంతా దిగి, వాకిట్లో విస్తళ్లు పరుస్తుండగా, అంతవరకూ దురదే కదా అనుకున్న నా వేళ్ల సందుల్లో నీటిపొక్కులు లేచాయి. ఆ నల్లనూనె తగిలితే ఒళ్లు పొక్కుతుందనే వడ్రంగి కొబ్బరి నూనె రాసుకున్నాడని అప్పుడు తట్టింది. ఆ పలక మీద తరిగిన ముక్కలే కొళంబులో, అంటే పులుసులో, ఉడికాయి, మొదటి ముద్ద తినబోయేది నిండు కడుపుతో ఉన్న ఆడబిడ్డ. చెబితే ఇంతమందిలో నా బతుకేమవుతుంది, చెప్పకపోతే ఆ పిల్లకేమవుతుంది? అప్పటికే ఆమె విస్తట్లో అన్నం పెట్టేశారు.

వంటింట్లోకి పరుగెత్తి, అత్తగారికి చేతులు చూపించి, ఏ నూనె పూశానో చెప్పేశాను.

"ఇంగ ఎవురి దగ్గరా నోరు తెరవొద్దు, తెలిసిందా?" అని, గుండిగను ఒక్క తోపు తోసి కొళంబంతా నేలపాలు చేసి, "అయ్యో, చెయ్యి జారిపోయినాదే, అంతా ఒలకబోసినానే!" అని వాకిలి దాకా వినబడేలా కేక పెట్టారు.

ఆ పూట చుట్టాలు మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నారు. పలకను పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టించారు.

మెతుకు నేల రాలనివ్వదని పేరున్న ఆ మనిషిని, అప్పటి నుంచి ఎవరింట పెళ్లి జరిగినా గుండిగ దగ్గరికి రానివ్వొద్దని అందరూ ఎగతాళి చేసేవారు. ఆమె వాళ్లతో పాటు నవ్వేవారు. నేను పక్కనే కూర్చుని తల వంచుకుని విస్తళ్లు తుడిచేదాన్ని. ఇప్పటి పిల్లలు తప్పు చేస్తే నా వల్లేనని చటుక్కున ఒప్పేసుకుంటున్నారు, చూస్తే ముచ్చటేస్తుంది, సిగ్గూ వేస్తుంది. ఆ ధైర్యం నాకు ఇన్నేళ్లకు వచ్చింది గానీ, ఆ రోజు పంక్తిలో కూర్చున్నవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. కొళంబు ఒలికింది ఆమె చేతకానితనం వల్లేనని నమ్ముతూనే అందరూ వెళ్లిపోయారు.