పీక లేని సన్నాయి

దయ్యాల ముచ్చట్లు ఎవరన్న చెప్తే ఇనుకుంట నా పని చేసుకునేటోణ్ని. ఇప్పుడు గూడ నమ్మను. ఈ ఒక్కటి మాత్రం జరిగింది జరిగినట్టు రాస్తున్న.

నాది కామారెడ్డిల ఖరాదు దుకాణం. మంచం కోళ్లు, చపాతీ కర్రలు మిషన్ మీద తిప్పి చేస్త. మా మేనమామది ఎల్లారెడ్డి. నలభై ఏండ్లు పెండ్లిళ్లల్ల సన్నాయి ఊదిండు. ఆయన సన్నాయికి గొట్టం చండ్ర కట్టెది, కింది గిన్నె ఇత్తడిది గాదు, బర్రె కొమ్ముది. వాళ్ల నాయన చేసిచ్చిండట.

పోయిన ఎండకాలం మామకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది. కుడి చెయ్యి ఇగ రాదని డాక్టరు చెప్పిండు. రెండు నెలలల్ల బిడ్డ సుజాత పెండ్లి. బాపు సన్నాయి మోగంగ అత్తగారింటికి పోవాలని ఆ పిల్లకు చిన్నప్పటి సంది ఆశ. మామ పడ్డనాడు సన్నాయి గూడ పడి కొమ్ము పలిగింది. వేరేటోళ్లతోనన్న ఊదిపిస్తం, బాగుచేసియ్యి బావా అని సుజాత నాకు పంపింది.

పీక మాత్రం పంపలే. పీక అంటే నోట్లె పెట్టుకొని ఊదే తాటాకు ముక్క. అది లేంది సన్నాయి పలుకది. మామ దాన్ని తల కింది మెత్త అడుగున పెట్టుకొని ఎవ్వరినీ ముట్టనిస్తలేడట.

ఆ రోజు మంగళవారం. పొద్దుగాల పదకొండు దాటింది. కరెంటు పోయి మిషన్ ఆగింది. గొట్టం బల్ల మీదున్నది. కొమ్ము మెత్తవడాలని వేడి నూనెల ఏసిన. బయట చేతులు కడుక్కుంటున్న.

లోపల సన్నాయి మోగింది.

అప్పగింతల పాట. మామ ఊదే తీరే. గడప కాడికి వచ్చి చూసిన. లోపల ఎవ్వరు లేరు. గొట్టం పెట్టిన కాడ్నే ఉన్నది. రెండు నిమిషాలు మోగి, ఆఖరి చరణం నడుమల టక్కున ఆగింది.

పక్క వెల్డింగు దుకాణం మోసిన్ భాయ్ వచ్చి, "అన్నా, ఊదింది ఎవరు? మంచిగుండె" అన్నడు. అంటే ఇన్నది నేనొక్కణ్నే కాదు. దగ్గర్ల ఫంక్షన్ హాలు ఉంటే పోయి చూసిన. తాళమేసి ఉన్నది.

పొద్దుమూకినంక సుజాత ఫోన్ల వీడియో పంపింది. మామ మంచంల పండుకొని రెండు చేతులు లేపిండు. కుడిది గూడ. బుగ్గలు ఉబ్బుతున్నయి, వేళ్లు గాలిల ఆడుతున్నయి. ఫ్యాన్ సప్పుడు తప్ప ఇంకేం లేదు. ఫోన్ చేస్తే సుజాత సంతోషంతోని ఏడుస్తున్నది. ఎప్పుడు తీసినవని అడిగిన. ఇయ్యాల పదకొండు దాటినంక అన్నది.

తెల్లారి సుజాత చూస్తే చెయ్యి మల్ల ఎప్పటి లెక్కనే అట. ఆ తర్వాత లేవనే లేదు.

ఆదివారం సన్నాయి పట్టుకొని ఎల్లారెడ్డి పోయిన. మామ పక్కన ముప్పై ఏండ్లు శ్రుతి పట్టిన రాజయ్య తాతకు వీడియో చూపిచ్చిన. దుకాణంల ఇన్న సంగతి చెప్పలే. తాత వేళ్ల దిక్కే రెండుసార్లు చూసిండు.

"అప్పగింతల పాట. ఆఖరి చరణం పూర్తి చెయ్యలే" అన్నడు.

మంచం కాడికి పోయి, "మామా, మంగళవారం నువ్వే ఊదినవా?" అని అడిగిన. మామ ఎడమ చేత్తోని మెత్త కింద తడిమి, పీక తీసి నా చేతిల పెట్టిండు.

సుజాత పెండ్లికి రాజయ్య తాతనే ఊదిండు. పాట ఆఖరి దాకా పోయింది. మామ కుర్చీల కూసొని ఇన్నడు. చేతులు కదల్లే.

ఆ రోజు మోగిందేందో నాకిప్పటికి తెల్వదు. ఊదింది ఎవరని మోసిన్ భాయ్ అడుగుతనే ఉండె. మా మామ ఊదిండని ఒకసారి చెప్పిన. మల్ల ఎప్పుడన్న ఆయన్ని తీస్కరా, ఇందాం అన్నడు. ఆ పొద్దు మామ ఎల్లారెడ్డిల మంచంల ఉన్నడని చెప్పనీకి నాకు నోరు రాలే.