నేనల్లిన దిష్టి టోపీ

మీ తెలివితేటలన్నీ ధారపోసి, మీ చేతులారా ఒక మూఢనమ్మకాన్ని తయారుచేసి ఊరి మీదికి వదిలిన అనుభవం మీకుందా? నాకుంది. రెండు లావుపాటి సూదులతో, పసుపుపచ్చ ఊలుతో తయారుచేశాను. ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్ళు. ప్రపంచాన్ని మార్చడానికి మాటలు చాలునని నమ్మే వయసు. బొబ్బిలిలో మా మిత్రులం నెలకోసారి జరుపుకునే చర్చావేదికకి నేనే కార్యదర్శిని. దిష్టి, జాతకం, ముహూర్తం వగైరాలని అక్కడ చీల్చి చెండాడేవాణ్ణి. చప్పట్లు బాగానే పడేవి. (కొట్టేవాళ్ళందరూ నాతో ముందే ఏకీభవించినవాళ్ళని అప్పట్లో తట్టలేదు.) చాలకపోతే ఫేస్‌బుక్‌లో మిగతాది రాసేవాణ్ణి.

ఇంట్లో మా అప్ప కూతురుండేది. అప్ప అంటే అక్క, మావైపు అలాగే పిలుస్తాం. పిల్లకి ఏడాదిన్నర. మా అమ్మ రోజూ స్నానం కాగానే దాని కళ్ళనిండా కాటుక దిద్ది, బుగ్గమీద రూపాయిబిళ్ళంత చుక్క పెట్టేది. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారేవి. పొద్దున్న లేచేసరికి రెప్పలు అంటుకుపోయేవి. కాటుక మానేయమని డాక్టరు గట్టిగానే చెప్పాడు. "ఆ డాక్టర్ని ఆళ్ళమ్మ కాటుక పెట్టకుండానే పెంచినాదేటి?" అంది అమ్మ. నేను రంగంలోకి దిగాను. చూసేవాడి కంటిలోంచి ఏ శక్తీ బయటికి రాదనీ, వెలుతురే కంటిలోకి వెళ్తుందనీ, కాబట్టి దిష్టి అనేది అసంభవమనీ అరగంటసేపు వివరించాను. ఆ అరగంటలో అమ్మ రెండో కంటికి కూడా కాటుక పెట్టేసింది.

అప్పకి ఒళ్ళు మండింది. అమ్మ మీద కాదు, నా మీద. "ఒరే, నీ ఉపన్యాసాలకి పిల్ల కంటి బాద తగ్గతన్నాదేట్రా? ఒక్కనాడైనా దాని ముక్కు తుడిసేవా? ముందు దాని పని ఏదో ఒకటి సెయ్యి, తర్వాత మాటాడు" అంది. డిసెంబరులో అరకు వెళ్దామనుకుంటున్నాం, పిల్లకి చెవులు కప్పే టోపీ కావాలి. "ఆ టోపీ నేనే అల్లుతాను" అనేశాను. అల్లిక ఆడవాళ్ళ పని అనే అభిప్రాయాన్ని కూడా పనిలో పనిగా కూల్చేయవచ్చని నా ఆలోచన. అమ్మ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. "నువ్వు టోపీ అల్లితే నాను కాటుక మానెత్తాను. పందెం!"

పక్కింటి టీచరమ్మగారు మిషన్ బడిలో పనిచేసి రిటైరయ్యారు. క్రిస్మస్‌కి చర్చిలో పసిపిల్లలకి టోపీలు అల్లేది ఆవిడే. తన ఇంట్లో దేవుడి గురించి వాదించకూడదనే షరతు మీద నాకు అల్లిక నేర్పడానికి ఒప్పుకున్నారు. రెండో వరసలోనే షరతు తప్పాను. "దేవుడు లేడని తర్వాత సెబుదువు గానీ బాబూ, ముందు నీ కుట్టు జారిపోయినాది సూడు" అన్నారావిడ. నిజానికి పని చాలా సులువు. లావు ఊలుతో వెడల్పాటి పట్టీ అల్లి, రెండు అంచులూ కలిపి కుట్టి, పైన దారం లాగి ముడేస్తే టోపీ. ముందు చిన్న ముక్క అల్లి కొలత చూసుకోమన్నారు. పిల్ల తలని టేపుపెట్టి కొలిచిన శాస్త్రీయవాదికి నమూనా ముక్క దేనికి? తీరా చూస్తే, వాదనలో వేడెక్కినప్పుడల్లా నా కుట్లు బిగుసుకుపోయాయి, ఆవిడ టీ ఇచ్చినప్పుడల్లా వదులైపోయాయి. సృష్టి గురించి మాట్లాడిన చోట వేలు దూరదు, పకోడీలు తిన్న చోట పిడికిలి దూరుతుంది. పైన ముడి బిగించేసరికి, పండిన గుమ్మడికాయని ఎవరో తొక్కి వదిలేసినట్టుంది. టీచరమ్మగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసి, "పిల్లకి సలి మాత్రం వెయ్యదు" అన్నారు. అబద్ధమాడకుండా మెచ్చుకోవడం ఎలాగో ఆ రోజే తెలిసింది.

అమ్మ పందెం ఓడిపోయినట్టు ఒప్పుకోలేదు. "దీన్ని టోపీ అంటారేటి?" అంది. పైగా ప్రయాణం, పదిమంది కళ్ళూ పడతాయంటూ ఎన్నడూ లేనంత కాటుక పెట్టింది. కొత్తవలస స్టేషన్లో అరకు బండి కోసం నిలబడ్డాం. పిల్ల కళ్ళు నులుముకుంటూ ఏడుస్తోంది, కాటుక చెంపలదాకా పాకింది. ఊరుకోబెట్టడానికి అప్ప దాని నెత్తిన నా టోపీ తొడిగింది. టోపీ ముక్కుదాకా జారేసరికి పిల్ల ఆశ్చర్యపోయి ఏడుపు ఆపేసింది. అటుగా వెళ్తున్న టీ అబ్బాయి కెటిల్‌తో సహా ఆగిపోయాడు. "ఓలమ్మా, అదేటి తల్లీ పిల్ల నెత్తిమీద?" జామకాయల బుట్ట పక్కనున్న ముసలమ్మ నవ్వలేక నవ్వుతూ, "ఎవులల్లేరే? పగోళ్ళేటి?" అని అడిగింది. మా అప్ప మొహమాటం లేకుండా నా వైపు చూపించింది. చుట్టూ పదిమంది మూగారు.

అమ్మ అదంతా శ్రద్ధగా గమనించింది. పరిశీలన చెయ్యండి, ఆధారం చూపండి అని వేదిక మీద నేను అరుస్తుంటానే, ఆ రెండూ ఆవిడ నిమిషంలో పూర్తిచేసింది. "సూసేవా? ఇంతమంది వొచ్చేరు, ఒక్కలైనా పిల్ల మొకం సూసేరా? అందరి కళ్ళూ టోపీ మీదే! గుమ్మానికి గుమ్మడికాయ ఎందుక్కడతారనుకున్నావు? ఇంక దీనికి కాటుకెందుకు?" అని గబగబా కుళాయి దగ్గర కొంగు తడిపి తెచ్చి, పిల్ల కళ్ళు తనే శుభ్రంగా తుడిచేసింది. నా నోట్లోకి నాలుగు వాక్యాలు పరుగెత్తుకొచ్చాయి. అప్ప నా జబ్బ గిల్లింది. "నోరెత్తేవంటే నిన్నిక్కడే ఒగ్గేసి పోతాం." చేతిలో వాదన ఉండి కూడా నేను నోరు మూసుకోవడం అదే మొదలు.

అరకు నుంచి తిరిగొచ్చిన కొన్నాళ్ళకే పిల్ల కళ్ళు తేటపడ్డాయి. అమ్మ ఆ ఘనతంతా టోపీకి కట్టబెట్టి వీధంతా చాటింది. ఒకావిడ పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చి, "బాబూ, మా గుంటడికీ అలాటిదొకటి అల్లీ. బాగా మాత్రం అల్లకు, అచ్చం అలాగే ఉండాల!" అంది. నేను నిప్పులు చెరిగాను. దిష్టి అబద్ధం, టోపీ వట్టి ఊలు అన్నాను. ఆవిడ చిరునవ్వుతో వింటూ పిల్లాణ్ణి ఇంకో చంకకి మార్చింది. వాడి కళ్ళనిండా కాటుక, రెప్పల మీద పుసులు. నా ఉపన్యాసం మధ్యలో ఆగిపోయింది. "అల్లుతాను. కానీ కాటుకతో కలిపి పెడితే టోపీ పనిచెయ్యదు" అన్నాను. (అన్నది చర్చావేదిక కార్యదర్శి. ఏ జ్యోతిష్కుడూ అంత సాధికారంగా చెప్పి ఉండడు.) ఆవిడ అక్కడికక్కడే మా కుళాయి దగ్గర వాడి మొహం కడిగింది. ఆ చలికాలంలో ఇంకొన్ని టోపీలల్లాను. చెయ్యి తిరిగేకొద్దీ టోపీలు అందంగా రావడంతో గిరాకీ పడిపోయింది. ఎండలు ముదిరాక ఇంటింటికీ వెళ్ళి, పిల్లల కళ్ళు బాగుపడింది టోపీవల్ల కాదు, కాటుక మానడంవల్లేనని చెప్పాను. "నిజవే బాబూ" అని తలూపి, టోపీలు మాత్రం జాగ్రత్తగా దాచుకున్నారు.

ఆ ఇరవై మూడేళ్ళ కార్యదర్శి కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది. వాడు చెప్పినదాంట్లో ఒక్కటీ తప్పు కాదు. ఇప్పటికీ అవే మాటలు ఇంకా గట్టిగా అంటాను. కాకపోతే ఎదురుగా పిల్ల ఏడుస్తుంటే, గుడ్డ కోసం వెతకకుండా వెలుతురు గురించి పాఠం చెప్పాడు మహానుభావుడు! మీరు ఆ పని చేయకండి. ఇది చదవడం ఆపి లేవండి. మీ ఇంట్లోగానీ పక్కింట్లోగానీ పసిపిల్ల కంట్లో కాటుక కనిపిస్తే, శుభ్రమైన మెత్తని గుడ్డ తడిపి ముందు తుడవండి. వాదన తర్వాత పెట్టుకోండి.