పరాయి చేతి ముద్ద

మా ఆవిడ పోయాక ఇంట్లో నేనూ, ఆమె పెంచిన పమేరియన్ కుక్కా మిగిలాం. ప్రొద్దుటూరు ఎండల్లో అలాంటి కుక్కను పెంచడం తేలిక కాదు. దాని ఒంటిమీద రెండు పొరల బొచ్చు ఉంటుంది. ఎండాకాలం రాగానే చాలామంది జాలిపడి గొరిగిస్తారు. అప్పుడు ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. మా ఆవిడ గొరిగించేది కాదు. రోజూ దువ్వి, ఊడిన బొచ్చు తీసేసి, వంటగదిలో తడి గోనెపట్టా పరిచేది. పిడికెడు తిండి, పెద్ద గొంతు, ఒకే మనిషి మీద ధ్యాస. ఆ జాతి స్వభావమే అంత అనుకునేవాణ్ణి.

ఆమె పోయిన రోజు నుంచి అది నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. పెరుగన్నం పెట్టాను. ఎముకలు తీసేసి ఉడికించిన కోడిమాంసం పెట్టాను. వాసన చూసి, వెనక్కి జరిగి, కూర్చుని నన్ను చూసేది. పశువుల డాక్టరు పొట్ట నొక్కి చూసి జబ్బేమీ లేదన్నాడు. ఇలాగే ఉంటే మాత్రం బతకదన్నాడు.

పక్కింటి సాయిబులావిడ గేటు దగ్గర నిలబడి అడిగింది. "ఏందన్నా, ఇంకా తింటాలేదా?"

"లేదమ్మా."

"బెంగ పెట్టుకుండాది. నువ్వు మాత్రం తింటాండావా ఏంది? ఇద్దరూ పోటీ పడి మొండికేసినారు."

నేనూ బెంగే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు కొంత ఊరటగా కూడా ఉండేది. ఆమె కోసం ఇంకొకరు ఎదురుచూస్తున్నారని.

దినాలకు ముందు ఆమె తమ్ముడు లింగాల దగ్గరి ఊరి నుంచి వచ్చాడు. సంగతి విని కుక్కవైపు చూసి నవ్వాడు.

"బెంగ గాదు బావా. అక్క దీనికి మా ఇంటి పద్ధతి నేర్పించింది."

"ఏం పద్ధతి?"

"ఫ్యాక్షన్ రోజుల్లో మా ఇంటి మీదికి రావాలంటే ముందు కుక్కల్ని సంపేవాళ్లు. గోడ మీంచి మందు కలిపిన మాంసం ఇసిరేవాళ్లు. అందుకని మా కుక్కలకు అక్క ఒకతే పెట్టేది. ఇంకెవురు పెట్టినా మూతి తిప్పుకోవాల. లేకుంటే దెబ్బలే."

"ఇది పిల్లి అంత ఉంది. దీన్ని చంపి మన ఇంటికి ఎవరొస్తారు?"

"నాకేం తెలుసు? కుక్కను ఇంకో రకంగా పెంచేది అక్కకు తెల్దు."

ఆ రోజుల గురించి ఆమె నాకెప్పుడూ చెప్పలేదు. ఉద్యోగరీత్యా జమ్మలమడుగులో, పులివెందులలో కాపురమున్నప్పుడు వీధివైపు కిటికీ పక్కన మంచం వేయనిచ్చేది కాదు. గొడవలు చల్లబడి, పార్టీల వాళ్లు ఒకరి పెళ్లిళ్లకు ఒకరు పోవడం మొదలుపెట్టాక కూడా వేయనివ్వలేదు. దుమ్ము పడుతుందనేది.

"మీ అక్కకు జ్వరమొస్తే ఎవరు పెట్టేవారు?"

"మా నాయన. కుక్కల ముందర కూసోని, గిన్నెలో సగం ఆయన తినేవాడు. మిగిలింది వాటికి. ఒక ముద్ద కొరికి పెడితే నమ్మవు. సగం తినాల. అక్క దీనికీ తను తిన్న గిన్నెలోనే గదా పెట్టేది, సూడలేదా?"

చూశాను. ముద్దు చేస్తోందనుకున్నాను.

అతను వెళ్లిపోయాక పెరుగన్నం కలుపుకుని వంటగదిలో నేలమీద కూర్చున్నాను. కుక్క దూరంగా కూర్చుంది. అది గిన్నెను చూడడం లేదు. నా నోటినే చూస్తోంది. నాకు మెతుకు దిగడం లేదు. నీళ్లు తాగుతూ మింగాను. సగం అయ్యేసరికి చాలాసేపు పట్టింది. గిన్నె ముందుకు జరిపాను.

అది లేచి వచ్చి, గిన్నె వాసన చూసి, నా వేళ్లు వాసన చూసి, కొంచెం తింది. అంతలో ఆగి తలెత్తి నావైపు చూసింది. నేను ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాను.